మూడు కోపెక్కుల నీలం స్టాంపు

సోమవారం పదకొండు గంటలప్పుడు పాత స్టాంపుల దుకాణం యజమాని గెర్మన్ ల్వోవిచ్ లోపలిగది తలుపు మోచేత్తో తోసుకుని వచ్చి, పట్టకారు కొసన పట్టుకున్న నీలం స్టాంపు ఒకటి రిమ్మా ఎవ్‌సేయెవ్నా బల్లమీది నల్లగాజు పళ్లెంలో పెట్టాడు.

"ఒక్క నిమిషం చూడండి. బయట ముసలావిడ కూర్చుంది. నేను చెబితే నమ్మేలా లేదు."

రిమ్మా అప్పటిదాకా తడి అద్దుడుకాగితం మీద పాత స్టాంపు ఒకటి బోర్లించి, వెనకాల అంటుకున్న జిగురు నానేదాకా కాచుకుని కూర్చుంది. దాన్ని అలాగే వదిలి, భూతద్దం కంటికి ఆనించుకుంది.

ఎగిరే కొంగ, దానికింద మూడు కోపెక్కులని వెల. వెర్ఖొల్మా జిల్లా స్టాంపు. జార్ గారి టపా పట్నాల దాకానే పోయే కాలంలో, పల్లెలకు ఉత్తరాలు చేరవెయ్యడానికి జిల్లా సభలు సొంతంగా గుర్రపుబళ్లు పెట్టుకున్నాయి. సొంతంగా స్టాంపులూ వేసుకున్నాయి. కొన్ని జిల్లాలవాళ్లు దగ్గర్లోని అచ్చాఫీసులో రాతిపలక మీద రెండు మూడు వందలు తీయించి ఊరుకున్నారు. వెర్ఖొల్మా నీలం అలాంటిదే. లోకం మొత్తంమీద ఐదు మిగిలాయని జాబితాల్లో ఉంది. ఆ ఐదూ ఎవరెవరి ఇనప్పెట్టెల్లో ఉన్నాయో ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు. రిమ్మా ఒక్కదాన్ని కళ్లారా చూసింది, ఇరవైనాలుగేళ్ల కిందట, పావుగంట సేపు.

అతినీలలోహిత కాంతినిచ్చే క్వార్ట్జు దీపం వేసింది. కాగితం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా మెరిసింది. పాత కాగితం అలా మెరవదు. అచ్చు కూడా పైపైన కూర్చుంది, కాగితంలోకి ఇంకలేదు.

"నకిలీ," అంది.

"ఆ ముక్క మీరే చెప్పండి ఆవిడతో. మీ నోట వింటే కుదుటపడుతుంది."

కౌంటరు దగ్గర ఇద్దరు ఖాతాదారులు ఆల్బములు తిరగేస్తున్నారు. కిటికీ పక్క కుర్చీలో బూడిదరంగు ఉన్నిశాలువా కప్పుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చునుంది. చేతులు మాత్రం ముసలివి కావు. వేళ్ల కణుపులు లావుగా, మగవాడి చేతుల్లా ఉన్నాయి.

"ఇది నకిలీ అండీ," అంది రిమ్మా. ఎప్పుడూ చెప్పేట్టే, తిన్నగా, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"మా నాన్నది. యుద్ధానికి ముందునించీ దాచాడు."

అందరూ అదే అంటారు. రిమ్మా తలాడించింది.

"ఎవరికి చూపించినా ఇంతేనా?" అని అడిగింది ముసలావిడ. "ఈ పని కాస్త తెలిసినవాడు చూస్తే?"

"కాస్త తెలిసినవాడెవడైనా ఒక్క చూపులో తిప్పి ఇచ్చేస్తాడు."

ముసలావిడ ఊపిరి పొడుగ్గా వదిలింది. ఏడుస్తుందేమోనని రిమ్మా చూపు తిప్పేసుకుంది.

"పోనీ బామ్మగారూ, రెండొందల రూబుళ్లిస్తాను, ఇక్కడే ఉంచెయ్యండి. బడిపిల్లలు వస్తుంటారు, వాళ్ల ఆల్బంలోకి పనికొస్తుంది," అన్నాడు గెర్మన్ ల్వోవిచ్.

"బామ్మ మీ ఇంట్లో ఉంటుంది బాబూ. నా పేరు క్లావ్దియా తిఖొనొవ్నా." సంచీలోంచి పాస్‌పోర్టు తీసి రసీదు కోసం ఇచ్చింది. "వెనకాల నాన్న పేరు పొడి అక్షరాలు రాసున్నాయి, ఊదారంగు పెన్సిలుతో. అవి చెరిపేసి ఇవ్వండి పిల్లలకి."

లోపలికి వెళ్లబోతున్న రిమ్మా ఆగింది. ఇందాక లోపల తను చూసిన స్టాంపు వెనక అక్షరాలు లేవు. అడుగుదామనుకుంది. ఈలోగా ఫోను మోగింది, గెర్మన్ ల్వోవిచ్ సొరుగు మూసేశాడు, ముసలావిడ శాలువా సర్దుకుని తలుపు దాకా వెళ్లిపోయింది. పెద్దావిడ, పొరబడి ఉంటుందిలే అనుకుని రిమ్మా లోపలికి వెళ్లి అద్దుడుకాగితం ముందు కూర్చుంది. జిగురు నాని ఉంది.

*

బుధవారం మధ్యాహ్నం గెర్మన్ ల్వోవిచ్ మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపు మెల్లిగా తీశాడు, తెరిచాక మళ్లీ మూశాడు. పలుచని కాగితపు సంచీలోంచి నీలం స్టాంపు ఒకటి పళ్లెంలోకి జార్చాడు.

"మాస్కోనించి వచ్చింది. పేరు చెప్పడానికి ఇష్టంలేని మనిషి. శుక్రవారం అర్కాది దెమ్యానొవిచ్ వస్తున్నాడు. మూర్మాన్స్కులో చేపల కోల్డుస్టోరేజీలు ఉన్నాయే, ఆయన. ఆయనకి మీ ధ్రువపత్రం కావాలి. నేను టైపు చేయించాను, సంతకం ఒక్కటే మిగిలింది."

"చూడకుండా సంతకమా?"

"చూడండి, చూడండి. మీరు చూడ్డం నాకూ ఇష్టమే."

అతను వెళ్లాక రిమ్మా చేతులు తుడుచుకుంది. దీపం వేసింది. కాగితం మెరవలేదు, చీకట్లో గోధుమరంగు మచ్చలా నిశ్శబ్దంగా ఉండిపోయింది. దీపం పక్కకి వాల్చి భూతద్దం వంచి చూసింది. నీలం కాగితం పోగుల్లోకి దిగింది. కొంగ ఎడమ రెక్కకింద సన్నటి గీత తెగిపోయి ఉంది. రాతిపలక మీద పడిన గీటు అది. ఇరవైనాలుగేళ్ల కిందట చూసినదాంట్లోనూ సరిగ్గా అక్కడే ఉంది. ఐదు కాదు, ఆరు. లోకంలో ఆరోది తన బల్లమీద ఉంది.

పట్టకారుతో బోర్లించింది.

ఆల్బంలో అంటించుకోడానికి గళ్ల నోటుపుస్తకం కాగితం చిన్న ముక్క అతికించి ఉంది. దాని పక్కన వెలిసిపోయిన ఊదారంగులో రెండక్షరాలు: తి. స.

రిమ్మా పట్టకారు కింద పెట్టింది. అది గాజుకి తగిలి టక్కుమంది. మెరిసే కాగితం యుద్ధమయ్యాక వచ్చినది. ముసలావిడేమో వాళ్ల నాన్న యుద్ధానికి ముందునించీ దాచాడంది. ఆ రెండు మాటలూ సోమవారం నాడు ఒకేచోట, ఒకే నిమిషంలో తన చెవిన పడ్డాయి. పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు. అడిగి ఉంటే సరిపోయేది. కౌంటరుకీ ఈ గదికీ మధ్య ఆరడుగుల నడవా ఉంది. ఆ నడవాలో స్టాంపు మారింది.

లేచి బయటికి వెళ్లింది. దుకాణంలో ఎవరూ లేరు. గెర్మన్ ల్వోవిచ్ కిటికీ దగ్గర నిలబడి నిమ్మకాయ ముక్క వేసిన టీ తాగుతున్నాడు.

"ఇది సోమవారం నాటి ఆవిడ స్టాంపు."

అతను తొందరపడలేదు. గ్లాసులో చెంచా రెండుసార్లు తిప్పాడు.

"ఆవిడ స్టాంపు నకిలీ. మీరే అన్నారు. ఇద్దరు ఖాతాదారులు విన్నారు."

"మీరు నాకిచ్చింది ఆవిడది కాదు."

"ఎవరు చూశారు?" అన్నాడు, చాలా మర్యాదగా. "రిమ్మా ఎవ్‌సేయెవ్నా, నేను మిమ్మల్ని భయపెట్టడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. రేపు ఈ సంగతి బయటికొస్తే పేపర్లో మొదట పడే పేరు ఎవరిది? నేను వ్యాపారిని. వ్యాపారి సంగతి అందరూ ముందే అనుకుంటారు. మీరు ముప్పై ఏళ్లుగా ఒక్క తప్పు సంతకం పెట్టని మనిషి. మీ సంతకం ఉందంటే లండన్‌లో కూడా రెండోసారి చూడరు. ఆ సంతకం పోతే మీదగ్గర ఇంకేం మిగులుతుంది?"

ఆమె వెనుదిరిగి లోపలిగది తలుపు దాకా వెళ్లింది.

"శుక్రవారం పన్నెండింటికి," అన్నాడతను. "మంచి కోటు వేసుకు రండి."

*

చిరునామా రసీదు పుస్తకంలో ఉంది. గురువారం ఆమె ట్రాము దిగేసరికి తడిమంచు పడుతోంది. మెట్లు ఎక్కి, నాలుగు కుటుంబాల పేర్లున్న తలుపు మీద క్లావ్దియా తిఖొనొవ్నా పేరుకి ఎదురుగా రాసున్నట్టు మూడుసార్లు గంట కొట్టింది.

"స్టాంపులామెవి కదూ?" క్లావ్దియా తిఖొనొవ్నా తలుపు బార్లా తీసింది. "బూట్లు విప్పి చెప్పులేసుకో. గచ్చు చల్లగా ఉంటుంది."

గది ఇరుగ్గా, వెచ్చగా ఉంది. గోడమీద ఓడల కార్ఖానా క్రేను ముందు నవ్వుతున్న పడుచుపిల్ల ఫోటో. ముసలావిడ కెటిల్ పెట్టింది, క్యాబేజీ కూరిన పిండివంటకం కోసి పళ్లెంలో పెట్టింది. ఆమె కదలికల్లో హుషారుంది. సోమవారం చూసిన మనిషి కంటే పదేళ్లు చిన్నదానిలా కనిపించింది.

రిమ్మా ముక్క ముట్టుకోకుండానే మొత్తం చెప్పేసింది. నకిలీ ఎలా తనముందుకి వచ్చిందో, అసలుది ఎలా వచ్చిందో, రెండక్షరాలు ఎలా కనిపించాయో. ఏదీ దాచలేదు, ఫోను మోగిన సంగతి కూడా.

క్లావ్దియా తిఖొనొవ్నా చేతిలోని కత్తి మెల్లగా బల్లమీద పెట్టింది.

"అయితే అసలుదే."

"అసలుదే. ప్రపంచంలో ఆరోది."

"నువ్వెందుకొచ్చావు?"

ఈ ప్రశ్న రిమ్మా అనుకోలేదు. "మీకు అన్యాయం జరిగింది కాబట్టి. అది మీది కాబట్టి."

"నాది." ముసలావిడ కుర్చీలో కూర్చుంది. ముఖంలోని హుషారు ఎటుపోయిందో, మళ్లీ సోమవారం నాటి ముసలితనం వచ్చి కూర్చుంది. "మా పక్క మెట్లవైపు ఒకడుండేవాడు. ఆసుపత్రి వంటశాలలో వంటవాడు. స్టాంపుల పిచ్చి. జర్మన్లు ఈ ఊరిని చుట్టుముట్టి తిండి రానివ్వని దిగ్బంధం మొదటి శీతాకాలం, జనవరిలో వచ్చాడు. కోటులోపల ఒక రొట్టె ఉంది, మూట కట్టిన జొన్నలాంటి గింజలున్నాయి. నాకు తొమ్మిదేళ్లు. ఆ రొట్టె వాసన తలుపు తియ్యకముందే తెలిసింది నాకు. నాన్నని ఆ నీలం స్టాంపు అడిగాడు. నాన్న ఇవ్వనన్నాడు. 'ఇది రేపు మా పిల్లలకి ఇల్లు కొనిపెడుతుంది, రొట్టెకిస్తానా?' అన్నాడు. వాడు మెట్లు దిగిపోయాడు. మా అమ్మ గోడవైపు తిరిగింది."

కెటిల్ ఈల వేసింది. ఇద్దరూ లేవలేదు.

"మా చెల్లి న్యూరా ఫిబ్రవరిలో పోయింది. నాన్న మార్చిలో. కోటు కుట్టు విప్పితే ఆ స్టాంపుంది లోపల."

రిమ్మా లేచి పొయ్యి ఆర్పింది.

"అరవైఐదేళ్లు దాన్ని సొరుగులోనే ఉంచాను. అమ్మలేను, పారెయ్యలేను. ఈ నెల డెబ్బైఐదు నిండాయి; ఇక దాంతో ఏదో ఒకటి తేల్చుకుని పోదామని వచ్చాను. నువ్వు నకిలీ అన్నావు. తెలిసినవాడు ఒక్క చూపులో తిప్పి ఇచ్చేస్తాడన్నావు. అంటే ఆ వంటవాడు చేతిలోకి తీసుకుని చూసుంటే రొట్టె తిరిగి కోటులో పెట్టుకునేవాడు. నాన్న ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రొట్టె మాకు వచ్చేది కాదు." ఆమె లావుపాటి వేళ్లతో బల్లమీది రొట్టెపొడి ఒకచోటికి చేరుస్తోంది. "మా నాన్న మోసపోయిన అమాయకుడు, అంతేగా? అమాయకుణ్ణి క్షమించడానికి ఎంతసేపు? సోమవారం ఇంటికొచ్చి ఆయన ఫోటో గోడకి పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి. అటు చూడు."

తలుపు వెనక గోడమీద, కొత్త మేకుకి, సన్నటి మీసాలాయన ఫోటో వేలాడుతోంది.

"నాకు తెలీదు," అంది రిమ్మా.

"నీకెలా తెలుస్తుంది? నిజం చెప్పాలని వచ్చావు, చెప్పావు. నీ మనసు తేలికపడిందా?"

"లేదు."

"పోన్లే. ఇద్దరికీ లేదు." ముసలావిడ లేచి, ముట్టుకోని ముక్కని కాగితంలో చుట్టి రిమ్మా చేతిలో పెట్టింది. "రేపు నీ దుకాణంలో నువ్వేం చేస్తావో చేసుకో. నన్ను మాత్రం అడక్కు."

*

శుక్రవారం పన్నెండుకి ఐదు నిమిషాలుండగా అర్కాది దెమ్యానొవిచ్ వచ్చాడు. పొట్టిగా, వెడల్పుగా ఉన్నాడు. గొర్రెచర్మం టోపీ తీసి మోకాలిమీద తొడిగినట్టు పెట్టుకున్నాడు. గెర్మన్ ల్వోవిచ్ కాన్యాక్ బ్రాందీ పోశాడు. నీలం స్టాంపు నల్ల మఖమలు మీద, గాజుకింద ఉంది.

"ఇంత చిన్నదా?" అన్నాడు చేపలాయన.

"అదే దీని గొప్పతనం. బంగారమైతే బరువు. ఇల్లయితే పన్ను. రూబులు ఎలా కుప్పకూలిందో మీరు తొంభైఎనిమిదిలో చూశారు. ఇది పర్సులో పెట్టుకుని ఏ దేశమైనా పోవచ్చు. పదేళ్లలో ఈ జిల్లా స్టాంపుల ధర ఎన్ని రెట్లయిందో ఆ కాగితంలో రాశాను."

"కుళ్లదు కదా?"

"వందేళ్లైనా కుళ్లదు."

"మా సరుకు మంచుమీద వారం ఉంటుంది," అంటూ అతను రిమ్మావైపు తిరిగాడు. "మీరేనా సంతకం పెట్టేది?"

రిమ్మా ముందు టైపు చేసిన కాగితం ఉంది. 'మాస్కో, ప్రైవేటు సేకరణ' అని ఉంది అందులో. ఆమె దాన్ని పక్కకి జరిపింది. సంచీలోంచి తనే చేత్తో రాసుకొచ్చిన కాగితం తీసింది.

"చదువుతాను," అంది. "స్టాంపు అసలుది. వెర్ఖొల్మా జిల్లా టపా, 1871, మరమ్మతులేవీ లేవు. వెనక తిఖోన్ సజోనవ్ పొడి అక్షరాలు. ఆయన తర్వాత ఆయన కూతురు క్లావ్దియా తిఖొనొవ్నాది. ఈ సోమవారం దాకా ఆవిడ దగ్గరే ఉంది."

గెర్మన్ ల్వోవిచ్ కాన్యాక్ సీసా మూత బిగిస్తున్నాడు. అతని వేళ్లు ఆగిపోయాయి.

"మాస్కో అన్నారు?" అన్నాడు చేపలాయన.

"చిన్న పొరపాటు. మా లోపలి వ్యవహారం. ఆవిడ మాకే అమ్మింది, రసీదుంది."

"చూపించండి."

"అర్కాది దెమ్యానొవిచ్, లోపలి కాగితాలు..."

"డబ్బు నాదయ్యాక లోపలిదేముంది?"

రసీదు పుస్తకం కౌంటరు మీదే ఉంది. రిమ్మా తెరిచి అతని ముందు పెట్టింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. 'నీలం స్టాంపు, నకిలీ, ఒకటి. రెండు వందల రూబుళ్లు.'

"నకిలీ అని ఎవరు చెప్పారు ఆవిడకి?"

"నేను," అంది రిమ్మా. "నాకు వేరేది చూపించారు. నేను అడగాల్సింది అడగలేదు. ఆవిడ ముందు, ఖాతాదార్ల ముందు నకిలీ అని చెప్పింది నేనే. ఇది కూడా కింద రాశాను."

బయట ట్రాము పోతుంటే గాజుపలక సన్నగా వణికింది.

చేపలాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. అతని ముఖంలో కోపం లేదు, జాలి కూడా లేదు. రేవులో సరుకు చూసుకునే మనిషిలా ఉన్నాడు.

"నేను దీన్ని పదేళ్లు దాచి అమ్ముకోవాలి. అప్పుడు కొనేవాడు కూడా ఈ రెండు కాగితాలూ అడుగుతాడు. ఆ ముసలావిడ మనవడెవడో లాయర్ని తీసుకుని వస్తాడు." టోపీ తలకి పెట్టుకున్నాడు. "గెర్మన్ ల్వోవిచ్, చేపకి మొప్పలు చూస్తాం మేము. దీని మొప్పలు బాగాలేవు. ఆవిడ తనంతట తను అమ్ముతానంటే నాకు ఫోన్ చేయించండి." తన ఫోన్ నంబరున్న చీటీ రిమ్మా ముందు పెట్టి, కాన్యాక్ తాగకుండానే వెళ్లిపోయాడు.

గెర్మన్ ల్వోవిచ్ చాలాసేపు కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడా స్టాంపు అతని దగ్గరున్నా దాన్ని ఎవరికీ చూపించలేడు. ఆ సంగతి అతనికి రిమ్మా కంటే బాగా తెలుసు. రసీదు చించి నాలుగు ముక్కలు చేశాడు. స్టాంపుని కాగితపు సంచీలో వేసి ఆమెవైపు తోశాడు.

"ఏం సాధించారు మీరు?" అన్నాడు. "సోమవారం ఆవిడ సంతోషంగానే వెళ్లింది కదా. నేను చూశాను. సంతోషంగా వెళ్లింది."

"అవును," అంది రిమ్మా. "సంతోషంగానే వెళ్లింది."

లోపలిగదిలోకి వెళ్లి భూతద్దం, రెండు పట్టకార్లు, క్వార్ట్జు దీపం మూటగట్టుకుంది. దీపం తనదే. అద్దుడుకాగితాల కట్ట దుకాణానిది, అది వదిలేసింది.

*

శనివారం క్లావ్దియా తిఖొనొవ్నా స్టాంపుని చేత్తో ముట్టుకోలేదు. బల్లమీద, నూనెగుడ్డ మధ్యలో పెట్టించుకుంది. ఫోటో గోడమీదనించి దిగిపోయి ఉంటుందని రిమ్మా భయపడుతూ వచ్చింది. అది గోడమీదే ఉంది.

"ఆ అద్దం ఇలా తే. ఎలా చూడాలి?"

"కంటికి దగ్గరగా పెట్టుకోండి. స్టాంపుని పైకి తెండి, అద్దాన్ని దించొద్దు. ఆ, అలా. ఎడమ రెక్కకింద చూడండి. గీత తెగింది కదా?"

"తెగింది."

"రాతిమీద గీటు పడింది. అసలుదానికే ఉంటుంది."

"నాన్నకి తెలుసా ఇది?"

రిమ్మా అబద్ధం చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. "తెలిసే ఉంటుంది," అంది. "అక్షరాలు రాసిన తీరు చూస్తే పని తెలిసిన మనిషిలాగే ఉన్నాడు."

ముసలావిడ చాలాసేపు అద్దంలోంచి చూసింది. కన్ను చెమ్మగిల్లితే తుడుచుకుని మళ్లీ చూసింది.

"దీన్నెప్పుడూ సరిగ్గా చూడలేదు నేను. ముక్కు బాగా పెట్టాడు కొంగకి." అద్దం కింద పెట్టింది. "అమ్మేద్దాం. ఆ చేపలాయనకి చెప్పు. నాన్న ఇల్లు కొనాలనుకున్నాడు. నాకు ఇల్లెందుకిప్పుడు? పళ్లు కట్టించుకుంటాను. సముద్రం చూస్తాను, వెచ్చటి సముద్రం. నలభై ఏళ్లు ఓడలకి ఇనప దూలాలెత్తాను, ఒక్క ఓడా ఎక్కలేదు. నవ్వకు."

"నవ్వడం లేదు."

"నవ్వొచ్చులే, నీకు పళ్లున్నాయి."

రిమ్మా కొత్త ధ్రువపత్రం రాయడానికి కాగితం తీసింది. ఇంతకుముందు ఎవరెవరి దగ్గర ఉందో వరసగా రాయాలి. అది ఎంత స్పష్టంగా ఉంటే స్టాంపుకి అంత విలువ. తిఖోన్ సజోనవ్ అని రాసింది. కింద క్లావ్దియా పేరు రాయబోయింది.

"ఆగు. మధ్యలో న్యూరా పేరు రాయి."

రిమ్మా కలం ఆపింది. "ఆమె చేతికెప్పుడూ రాలేదు కదా. ఇందులో దాని స్వంతదార్లనే రాస్తాం. డబ్బు పెట్టినవాళ్లనో, వారసుల్నో."

"అందరికంటే ఎక్కువ పెట్టింది అదే."

అర్కాది దెమ్యానొవిచ్ ఈ పేరు చూసి ఎవరని అడుగుతాడు. పదేళ్ల తర్వాత అతని దగ్గర కొనేవాడూ అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. రిమ్మా కాగితం సరిచేసుకుని, తండ్రి పేరు కింద, అక్క పేరుకంటే ముందు, న్యూరా అసలు పేరు అన్నా తిఖొనొవ్నా సజోనవా అని నిండుగా రాసింది. తర్వాత తారీఖుల కోసం కలం పైకెత్తింది.

"ఏ నెలలో పుట్టింది?"

క్లావ్దియా తిఖొనొవ్నా కళ్లు మూసుకుని లెక్కపెట్టుకుంది.

"ఆగస్టు," అంది. "యాపిల్‌పళ్లు వచ్చే రోజులు. ముప్పైఏడు, ఆగస్టు. రాయి."